ట్వీడ్ సంచి పద్యానికి టీకా తాత్పర్యము

కొండరంగు లద్ది కోరి నేసిన గుడ్డ
సంచి యయ్యె పట్నసంతలోన
గొఱ్ఱె మోసె నాడు కొమ్మ మోసెను నేడు
మోసినంత ఫలము మూపు కెఱుక

అవతారిక: ఎడింబరో అంగడిలో ఇల్లాలు హ్యారిస్ ట్వీడ్ ఉన్నిగుడ్డ సంచి కొనగా, వెల చెల్లించి బయటికొచ్చిన భర్త చెప్పిన ఆటవెలది ఇది.

టీక: కొండ = స్కాట్లండ్‌కు పడమట ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లోని కొండ. అక్కడ అన్నిటికన్నా ఎత్తైన క్లిషమ్ 799 మీటర్లే. అరకు చూసినవారు దాన్ని గుట్ట అనవచ్చు. అట్లాంటిక్ గాలికి ఎదురునిలిచి అనమనండి. రంగులు = హీదర్ పూల ఊదా, పీట్ నేల నలుపు, ఎండుగడ్డి పసుపు, వానమబ్బు బూడిద. కొమ్మ = స్త్రీ; చెట్టుకొమ్మ అని పొరబడరాదు. మూపు = భుజము.

‘అద్ది’ అన్నచోట కొంచెం ఆగాలి. గుడ్డకు అద్దిన రంగు కాదిది, నూలుకూ కాదు. పోచంపల్లిలో నూలు దశలోనే రంగు పడుతుంది. ఇక్కడ ఇంకా ముందు, వడకని ఉన్నికే. రంగురంగుల ఉన్నిని తూకం ప్రకారం కలిపి, ఏకి, వడుకుతారు. అందుకే దూరానికి మట్టిరంగుగా కనబడే సంచిని కిటికీ దగ్గర పెట్టి చూస్తే ఒకే పోగులో ఆకుపచ్చ, ఊదా, నారింజ నూగు బయటపడుతుంది. పూర్వం ఎర్రమట్టి రంగుకు బండల మీది క్రొటల్ అనే లైకెన్‌ను గీకి ఉన్నితో ఉడికించేవారు. అది మన మసాలాలో పడే రాతిపువ్వుకు దగ్గరి చుట్టం. బండ నుంచి వచ్చింది బండకే చేరుతుందని, క్రొటల్ రంగు మేజోళ్లు వేసుకుని జాలరులు సముద్రంలోకి పోయేవారు కారట. రంగుల పనిలో నిలవచేసిన మూత్రం కూడా వాడేవారు. సంచిని ముక్కు దగ్గర పెట్టుకునేవారికి ఈ సంగతి ఇప్పుడు చెప్పనక్కరలేదు.

ఆక్షేపణ: ఈ ట్వీడ్ చేనేత అంటారే, నేటి మగ్గాన్ని సైకిల్‌లా కాళ్లతో తొక్కుతారు గదా, ఇది చేనేత ఎట్లగును?
సమాధానము: మన గుంటమగ్గం మీద కాళ్లు ఖాళీగా ఉన్నాయా? అదీగాక 1993 నాటి చట్టం స్పష్టం: గుడ్డను దీవులవాసులు తమ ఇళ్లలోనే చేత నేయాలి, ఉన్నికి రంగు వేయడం, వడకడం, చివరి మెరుగులు అన్నీ ఆ దీవుల్లోనే జరగాలి. మిల్లు వడికి ఇస్తుంది, నేసే మగ్గానికి మోటారు ఉండదు.

‘సంచి యయ్యె’: చట్టం కాపలా గుడ్డవరకే. ఆ గుడ్డను సంచిగా ఎవరు కోశారో, ఏ దేశంలో కుట్టారో గుడ్డకు వేసే శిలువ గుర్తు గోళముద్ర చెప్పదు. కాబట్టి వివేకులు ముద్ర చూసి మురిసిపోక, గళ్లగుడ్డ అయితే కుట్టు దగ్గర గడి గడితో కలిసిందా లేదా చూస్తారు. కలవకపోతే కొండ తప్పు కాదు, కత్తెర తప్పు.

అలంకారము: విరోధాభాసము. 1840ల్లో ఆ దీవుల్లోని హ్యారిస్ జమీను చూసుకున్న లేడీ డన్‌మోర్ ఈ గుడ్డను దొరల వేటదుస్తుల్లోకి తెచ్చింది. కొండరంగుల ట్వీడ్ వేసుకున్న వేటగాడు కొండలో కలిసిపోయి దుప్పికి కనబడడు. కనబడకుండా ఉండటానికి పనికొచ్చిన గుడ్డనే ఇప్పుడు పెళ్లిలో నలుగురికీ కనబడాలని భుజాన వేసుకుంటున్నారు.

తాత్పర్యము: ఉన్ని ఒకటే, మోసేవారు మారారు. గొఱ్ఱెకు అది చలి ఆపింది. ఇల్లాలికి ఫోను, తాళాలు, నీళ్ల సీసా, మనవడి బిస్కెట్లు మోస్తున్నది.

పాఠాంతరము: నాలుగో పాదంలో ‘మూపు కెఱుక’కు బదులు ‘పర్సు కెఱుక’ అని కర్త స్వయంగా చదివినట్టు వినికిడి. యతి చెడింది గనుక త్యాజ్యము. అర్థానికి మాత్రం అదే సరిపోతుంది.