చౌక గిటార్‌కి ఖరీదైన సోకులు

ఎలక్ట్రిక్ గిటార్ కొనాలంటే ముందు రంగు చూడండి. మిగతావన్నీ తర్వాత. షాపుకెళ్లి మెడ వంగిందా, ఫ్రెట్ల అంచులు చేతికి గీసుకుంటున్నాయా అని తడిమి చూడడం మర్యాదస్తుల లక్షణం కాదు. ఫొటో చూసి ఆర్డర్ పెట్టేయండి. ఉన్న డబ్బంతా గిటార్‌కే పోయండి, యాంప్లిఫయర్‌కి పైసా మిగల్చకండి. యాంప్ లేని ఎలక్ట్రిక్ గిటార్ పక్క గదిలోకి కూడా వినపడదు. ఇంటిల్లిపాదీ మీ సాధనని మెచ్చుకుంటారు.

ఫెండర్ వాళ్లే 1982 నుంచి స్క్వయర్ పేరుతో తక్కువ ధరకి గిటార్లు అమ్ముతున్నారు. అది కొని, పేరు మీద ఫెండర్ స్టిక్కర్ అంటించండి. ఇంతకంటే చౌకైన అప్‌గ్రేడ్ లేదు.

శ్రుతి నిలవట్లేదా? కీ తిప్పుతుంటే తల దగ్గర టిక్కుమని, శ్రుతి ఒక్కసారిగా ఎగిరిందంటే తీగ మెడ పైచివరి నట్ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. తీగ వదులు చేసి, గాడిలో పెన్సిల్ మొన రుద్దితే చాలాసార్లు సర్దుకుంటుంది. కానీ పెన్సిల్‌తో పోయేది కూడా ఒక జబ్బేనా? పాత కీల బదులు లాకింగ్ ట్యూనర్లు కొనండి, ఆరూ మార్చండి. టిక్కు ఎక్కడికీ పోదు, దిగులు పడకండి.

తీగలు ఎత్తుగా ఉండి వేళ్లు నొప్పెడితే బ్రిడ్జి మీది చిన్న స్క్రూల జోలికి వెళ్లొద్దు. వాటిని తిప్పే అలెన్ కీ గిటార్‌తో పాటు ఉచితంగా వచ్చింది కదా, ఉచితంగా వచ్చినదాన్ని నమ్మలేం. మెడ లోపలి ట్రస్ రాడ్‌ని మాత్రం బిగిసేదాకా తిప్పండి. పావు చుట్టు తిప్పి ఆగి చూసేవాళ్లకి పనీపాటా ఉండదు.

ఇక అసలు సరదా తీగల మోతని పట్టే పికప్‌లది. తుప్పు పట్టిన ఫ్యాక్టరీ తీగలు అలాగే ఉంచి, వాటి కింద ఖరీదైన హంబకర్ పికప్ పెట్టండి. సింగిల్ కాయిల్ పికప్ గూట్లో అది పట్టదు, ఉలి తీసుకోండి. వాల్యూమ్ నాబ్ కింది పాట్‌లు కూడా పాతవే ఉండనివ్వండి. హంబకర్‌కి సాధారణంగా 500 కిలో ఓమ్‌లవి వేస్తారు. సింగిల్ కాయిల్ కోసం వేసిన 250 అలాగే ఉంటే పై స్వరాల పదును తగ్గి నాదం మొద్దుబారుతుంది. దాన్ని వింటేజ్ టోన్ అనండి, ఎదురు మాట్లాడేవాడుండడు.

ఎవరైనా నవ్వితే పెద్ద గిటారిస్టుల పేర్లు చెప్పండి. బ్రయాన్ మే 1963లో ఇంజినీరైన తండ్రితో కలిసి గిటార్ చేయడం మొదలుపెట్టి, మెడని పాత నిప్పుగూటి చెక్కలోంచి చెక్కాడు, ట్రెమోలోకి మోటార్‌సైకిల్ స్ప్రింగులు వాడాడు. ఎడ్డీ వాన్ హేలెన్ చౌక బాడీలో గిబ్సన్ హంబకర్ ఇరికించాడు. ఆ ఇద్దరికీ వాయించడం వచ్చన్న సంగతి ఎత్తకండి. మరీ నిలదీస్తే ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్‌ని అడ్డం పెట్టుకోండి, ఆయనకి గిటార్ వాయించడం రాదు.

మార్చిన పాత భాగాలు వెంటనే పారేయండి. దాచుకుంటే, అమ్మేనాడు వాటిని తిరిగి బిగించి ఖరీదైన పికప్‌లు మీ దగ్గరే ఉంచుకోవాలనే పాడు ఆశ పుడుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాడు మీ హంబకర్‌కి విడిగా డబ్బివ్వడు. ఉలి దెబ్బలు చూసి ఇంకా తగ్గించమంటాడు. తగ్గించండి. ఆ డబ్బుతో కొనాల్సిన ఎఫెక్ట్ పెడల్ ఏదో ఇప్పటికే చూసిపెట్టుకుని ఉంటారు.