జతగాడుంటే చాలు, పరుగెందుకు?

ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పేరిచ్చిన ప్రతివాడికీ మే నెల ఎండల్లోనే ఒక ఉపదేశం అందుతుంది. ఒంటరిగా ప్రాక్టీసు చేయకు, ఓ రన్నింగ్ పార్ట్‌నర్‌ని చూసుకో అని. జతగాడుంటే క్రమశిక్షణ దానంతటదే వస్తుందట. వేగం కావాలంటే ఒక్కడివే పో, దూరం పోవాలంటే తోడు తీసుకుపో అని ఆఫ్రికాలో సామెత కూడా ఉందట. అక్కడ ఏ దేశంలో, ఏ భాషలో అంటే చెప్పేవాడు లేడు. ఆ సామెత ఫార్వర్డ్ చేసేవాళ్ల లెక్కలో ఆఫ్రికా అంటే ఒక ఊరు. పైగా మారథాన్‌లో వేగంగానూ పోవాలి, 42.195 కిలోమీటర్ల దూరమూ పోవాలి. మరి సగం దారిలో తోడును దింపేయాలా? సామెత ఆ సంగతి చెప్పదు.

ఇద్దరు కలిస్తే పట్టుదల రెట్టింపు అవుతుందంటారు. సాకులూ రెట్టింపవుతాయని మాత్రం ఎవరూ చెప్పరు. ఒంటరిగా పరిగెత్తేవాడు మానేయాలంటే వాడికే ఒంట్లో బాగోకపోవాలి. జతలో ఉన్నవాడికి అవతలివాడికి బాగోకపోయినా చాలు. అవతలివాడి అత్తగారు ఊరి నుంచి దిగినా, అర్ధరాత్రి దాకా అమెరికా వాళ్లతో మీటింగ్ నడిచినా, పిల్లాడికి యూనిట్ టెస్ట్ ఉన్నా సరే. ఒక్కడు మానేస్తే అది బద్ధకం. ఇద్దరూ మానేస్తే దాన్ని రికవరీ అంటారు.

తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకి ఈ క్రమశిక్షణ ఎలా పనిచేస్తుందో ఓ ఫోన్‌లో చూశాను. ఫోన్ ఎవరిదో చెప్పను, మా అపార్ట్‌మెంట్‌లో ఉండాలి కదా.

"లేచావా మామా?"

"ఎప్పుడో. నువ్వు?"

"నేనూ. మీ వైపు మబ్బు పట్టిందా?"

"పట్టినట్టే ఉంది. నీ మోకాలు ఎలా ఉంది?"

"కాస్త పట్టేస్తోంది. అయినా నువ్వొస్తానంటే రెడీ."

"నువ్వు రెడీ అంటే నేనూ రెడీయే. కానీ మోకాలితో ఆటలొద్దు మామా."

"అంతేనంటావా? సరే, రేపు డబుల్ కొడదాం."

ఈ సంభాషణ మొత్తం జరిగినంతసేపూ ఇద్దరిలో ఒక్కడూ దుప్పటి తీయలేదు. మబ్బు చూడాలంటే కిటికీ కర్టెన్ జరపాలి, అదీ జరగలేదు. సంబంధం ఇష్టం లేని పెళ్లివారు కూడా ఇంత మర్యాదగా తప్పుకోలేరు. ఎవరూ రానని అనలేదు, ఎవరూ రాలేదు.

వచ్చిన రోజుల ముచ్చట ఇంకా ఘనం. కేబీఆర్ పార్కు గేటు దగ్గర వాచీలకు శాటిలైట్ సిగ్నల్ దొరికేదాకా చేతులు పైకెత్తి నిలబడతారు. ఆ తర్వాత కొత్త బూట్ల పరిచయ కార్యక్రమం. తేలిక పరుగులో ఆయాసం లేకుండా మాట్లాడగలగాలని కోచ్‌లు చెప్పే సూత్రం ఒకటుంది. ఒంటిని మెల్లగా దూరానికి అలవాటు చేయడానికి అది మంచి కొలత. మనవాళ్లు దాన్ని మాట్లాడి తీరాలి అని అర్థం చేసుకున్నారు. కోకాపేటలో గజం రేటు దగ్గర మొదలైన మాట స్కూలు ఫీజుల మీదుగా హెచ్1బీ వీసా దాకా సాగుతుంది. వీసా దగ్గరకు వచ్చేసరికి ఇద్దరూ నడుస్తుంటారు. వాచీ మాత్రం పరుగనే రాసుకుంటుంది, దానికి మొహమాటం ఎక్కువ.

పరుగులో కిలోమీటరుకు, ఒంటి బరువులో కిలోకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. డెబ్బై కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు నిజంగా పరిగెత్తితే ఓ 350. ఆ తర్వాత ఇద్దరూ కలిసి టిఫిన్ సెంటర్‌లో నెయ్యి కారం దోసె, దాని వెనక వడ, ఆపైన కాఫీ. ఒక్కడే అయితే అంత తినడానికి సిగ్గుపడతాడు. జతగాడి అసలు ఉపయోగం ఇదేనేమో అని నా అనుమానం.

గట్టిగా నిలదీస్తే సైన్సు తీస్తారు. నిజమే, 1920లలో ఒట్టో కోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త బెర్లిన్‌లో పడవ పందేల క్లబ్బు వాళ్లతో బరువులెత్తించి చూశాడు. ఇద్దరికీ కలిపి ఒకే కడ్డీ ఇస్తే, బలహీనుడు ఒంటరిగా ఎత్తినప్పటికన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. కానీ అక్కడ ఒకడు వదిలేస్తే రెండోవాడూ ఆ బరువు మోయలేడు, ఆట అక్కడితో సరి. బలహీనుణ్ని నిలబెట్టింది ఆ భయం. కేబీఆర్ దగ్గర ఒకడు ఆగిపోతే రెండోవాడి మీద ఏ కడ్డీ పడుతుంది? వాడూ ఆగుతాడు, ఇద్దరూ కలిసి టీ తాగుతారు.

పందెంలో తోడును నమ్మితే ఏమవుతుందో 1952 హెల్సింకి ఒలింపిక్స్‌ని అడగాలి. చెకోస్లోవాకియా రన్నర్ ఎమిల్ జటోపెక్‌కు అదే మొదటి మారథాన్. పక్కన పరిగెత్తుతున్న బ్రిటన్ మేటి జిమ్ పీటర్స్‌ను ఈ వేగం సరిపోతుందా అని అమాయకంగా అడిగాడట. సరిపోదు, మరీ నెమ్మదిగా ఉంది అన్నాడట పీటర్స్, బోల్తా కొట్టిద్దామని. జటోపెక్ ఆ మాట నమ్మి వేగం పెంచి బంగారు పతకం పట్టుకుపోయాడు. పీటర్స్ గమ్యం చేరనేలేదు. సలహా అడిగినవాడు గెలవడం, ఇచ్చినవాడు కూలబడడం మన జతల్లోనూ చూడొచ్చు. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లకు కొదవ లేదు. చివరిదాకా కలిసే పోదామన్న ఒట్టు మొదటి ఫ్లైఓవర్ ఎక్కేదాకా ఉంటుంది. రెండోదాని మీద ఒకడు "నువ్వు పో మామా, నా కోసం ఆగకు" అంటాడు. వీడు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు మాయమవుతాడు.

చీకట్లో, వీధికుక్కల మధ్య పరిగెత్తే ఆడవాళ్లు తోడు వెతుక్కుంటే నేను నోరెత్తను. చూపు లేని రన్నర్ల గైడ్‌లకైతే చేతులెత్తి దండం పెడతాను. వాళ్లిద్దరి చేతులనూ ఒక తాడు కలుపుతుంది, గైడ్ తన మనిషికన్నా ముందు గీత దాటకూడదు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో స్పెయిన్ రన్నర్ ఎలీనా కాంగోస్ట్ మూడో స్థానంలో వస్తూ, గీత ఇంకా కొన్ని మీటర్లుందనగా తాడు వదిలేసింది. కండరాలు పట్టేసి పడిపోబోతున్న తన గైడ్‌ను పట్టుకోవడానికి. వెనకున్న ఆమె మూడు నిమిషాల దూరంలో ఉంది. అయినా తాడు వదిలినందుకు ఎలీనాను అనర్హురాలన్నారు. తోడు అనే మాటను వాళ్లు వాడుకోవచ్చు.

కెన్యాలోనూ గుంపుగానే పరిగెత్తుతారు కదా అంటారు. 2019లో వియన్నాలో కెన్యా రన్నర్ కిప్చోగె రెండు గంటల్లోపు మారథాన్ దూరం పూర్తిచేసినప్పుడు 41 మంది పేసర్లు వంతులవారీగా అతని చుట్టూ ఉన్నారు కదా అనీ అంటారు. ఉన్నారు. వాళ్లలో ఒక్కడూ తెల్లవారి లేచి నీ మోకాలు ఎలా ఉంది అని మెసేజ్ పెట్టి ఉండడని నా నమ్మకం. కెన్యాలోని ఇతెన్ ఊళ్లో రన్నర్లు పొద్దున్నే కూడలిలో కలుస్తారు. వేళకు బయల్దేరతారు. రానివాడి కోసం ఆగరు.

ఈ మాటే మా మామలిద్దరికీ చెప్పి చూశాను. శ్రద్ధగా విన్నారు. లోపం ఎక్కడుందో తెలిసిపోయిందన్నారు. ఇద్దరితో కుదరదట, గుంపు ఉండాలట. ఇప్పుడు మూడో మనిషిని వెతుకుతున్నారు. షరతు ఒక్కటే, అతను ముందు లేచి వీళ్లిద్దరినీ లేపాలి.