లొట్లు మోసిన సైకిల్‌ని

నేను పుట్టింది మద్రాసు దగ్గర అంబత్తూరులో, 1949లో మొదలైన టీఐ సైకిళ్ల కంపెనీలో. బతికిందంతా కొల్లేరు గట్ల మీదే. నన్ను కొన్నాయన కల్లుగీత కార్మికుడు. క్యారేజీకి రెండు పక్కలా లొట్లు కట్టి, తొణక్కుండా మూతికి తాటిపీచు కుక్కి, తెల్లవారేసరికి ఊళ్లోకి తీసుకెళ్లేవాడు. మోకాళ్లు అరిగి ఆయన చెట్టెక్కడం తగ్గించాక ఏలూరులో ఒక అద్దె సైకిళ్ల కొట్టుకి చేరాను.

ఒక ఫాల్గుణంలో, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకని అమెరికా నుంచి వచ్చిన బంధువుల గుంపొకటి మా కొట్టు ముందు ఆగింది. వాళ్లు కాలిఫోర్నియాలో నాపా లోయ తిరిగినవాళ్లు. అక్కడ ద్రాక్షతోటల పక్కగా సైకిళ్లకీ నడిచేవాళ్లకీ ప్రత్యేకంగా బాట వేశారట. దారిలో ఒక్కో వైనరీ దగ్గర ఆగి, రుచి చూసి, తయారుచేసినవాళ్లతో మాట్లాడి ముందుకు సాగడమే అక్కడి విహారం. "ఇక్కడ అలాంటిదేమీ లేదా బాబాయ్?" అని వాళ్లలో ఒకమ్మాయి కొట్టాయన్ని అడిగింది. ఆయన నన్ను బయటికి తీసి, "దీని పాత యజమాని దగ్గరికి వెళ్లండమ్మా" అని ఊరి పేరు చెప్పాడు.

ఆ దారిలో ఎత్తుపల్లాలు లేవు. ఎదురుగాలి ఒక్కటే తొక్కేవాళ్ల ఓపికను పరీక్షిస్తుంది. తాటిచెట్ల కిందికి చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. నా పాత యజమాని నా హ్యాండిల్ తడిమి, "నా బండేనండి ఇది, ఆయ్!" అన్నాడు. ఆ మాటకి అంబత్తూరు నుంచి ఇక్కడిదాకా తెచ్చిన నా ఇనుమంతా కదిలింది.

ఆయన కొడుకు నడుముకి మోకు చుట్టుకుని చెట్టెక్కాడు. గెల చివర కత్తితో పలచగా చెక్కి, కింద లొట్టి కట్టాడు. రోజూ రెండు పూటలా ఈ పనే. కోత మందమైతే గెల పాడవుతుంది, మానేస్తే ధార ఆగిపోతుంది. లొట్టి లోపల సున్నం రాస్తే పులుపెక్కదు, అది తియ్యని నీరా. రాయకపోతే గాలిలోనూ లొట్టిలోనూ ఉండే ఈస్టు దానంతటదే పని మొదలుపెడుతుంది. పొద్దున్న దించిన కల్లు తీపిగా ఉంటుంది, మధ్యాహ్నానికి నురగకట్టి పులిసి ఘాటెక్కుతుంది. వైన్‌ని సీసాలో పెట్టి ఏళ్లు దాచొచ్చు, ఖండాలు దాటించొచ్చు. కల్లు పూటైనా ఆగదు. అందుకే తాగాలనుకున్నవాళ్లే చెట్టు దగ్గరికి రావాలి. కారు రోడ్డు మీదే ఆగిపోతుంది, గట్టు మీదికి నాలాంటిదే రాగలదు.

తాటాకు దొప్పల్లో వాళ్లు మెల్లగా రుచి చూశారు. ఆ అమ్మాయి నీరాతోనే సరిపెట్టుకుంది. పెద్దవాళ్లు కాసేపు నీడన కూర్చుని, మత్తు లేదని తేలాకే బండెక్కారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. గట్టుకి రెండు వైపులా నీళ్లే.

అక్కణ్ణుంచి కైకలూరు పక్కన ఆటపాక వెళ్లాం. చెట్ల మీద, కట్టిన మంచెల మీద గూడబాతులు పిల్లల్ని సాకుతున్నాయి. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు ఈ సరస్సులోకే వస్తాయి, ఉప్పుటేరు వాటిని సముద్రానికి చేరుస్తుంది. 1999లో కొల్లేరుని అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో, సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. అయినా చెరువులు మళ్లీ వచ్చాయి. మా యజమాని గీసిన తాళ్లలో కొన్ని ఆ తవ్వకాల్లోనే కూలాయి. నాకు అదే పెద్ద బాధ. తాడు గీతకి రావడానికి ఏళ్లు పడుతుంది, యంత్రం దాన్ని క్షణాల్లో కూలుస్తుంది.

నాపా లోయలో తోటవాడికి దక్కే గౌరవం మా గీతగాడికి ఎందుకు దక్కకూడదు? ప్రాణం మోకుకి వేలాడదీసి చేసే పని ఆయనది. జిల్లా పెద్దలు గట్ల వెంబడి ఒక సైకిల్ బాట వేయించి, దారిలో తాళ్లు నాటించి, గీతగాళ్లకి నీడనిచ్చే పాకలు కట్టిస్తే చాలు, చూసేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.

మీరు వచ్చేటట్టయితే ఫాల్గుణంలో రండి, ఎండెక్కకముందే బయలుదేరండి. గూడబాతుల దగ్గర బెల్లు కొట్టకండి. లొట్టి దించినాయన చెప్పిన ధర దగ్గర బేరమాడకండి.