ఎస్.ఈ. గారి మడమ

గోల్ఫు ఆడేవాళ్లలో ఒక తెగ ఉంది. అరవై దాటాక ఆట మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండా మడమ నొప్పి తెచ్చుకున్న తెగ. హైదరాబాదులో గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న నయా ఖిల్లా మైదానం దగ్గర పొద్దున్నే నిలబడితే వీళ్లను ఇట్టే పోల్చుకోవచ్చు. కారు తలుపు తెరుచుకుంటుంది. ఒక కాలు బయటికొస్తుంది. రెండో కాలు కాసేపు ఆలోచిస్తుంది.

ఆ తెగకు పెద్దమనిషి మన ఎస్.ఈ. గారు. కరెంటాఫీసులో రిటైరైన సూపరింటెండింగ్ ఇంజనీరు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ జీపు దిగి పది అడుగులు వేసిన పాపాన పోలేదు. అలాంటి కాళ్లను వారానికి మూడు రోజులు 18 హోల్సూ తిప్పితే, అంటే రోజుకు ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు నడిపిస్తే, అవి మాత్రం ఎన్నాళ్లు ఊరుకుంటాయి? మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద దళసరి పట్టీ ఒకటి ఉంటుంది. ఎడమ కాలిది మొరాయించింది. కుడిచేతి వాటం మనిషాయె, బంతిని బాది తిరిగేసరికి ఒంటి బరువంతా ఎడమ పాదం మీదికే వస్తుంది.

రాత్రి పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి ఆ పట్టీ ముడుచుకుంటుంది. పొద్దున మొదటి అడుగు వేయగానే ఒక్క గుంజు గుంజుతుంది. మంచం కోడు, బీరువా, గోడ, తలుపు గొళ్లెం, ఈ వరసలో పట్టుకుంటూ ఆయన కాలుగాలిన పిల్లిలా బాత్రూము వైపు సాగుతుంటే, “కాఫీ కలపనా, 108కి ఫోన్ చెయ్యనా?” అని వాళ్లావిడ వంటింట్లోంచే అడుగుతారు. కాసేపు నడిస్తే నొప్పి సర్దుకుంటుంది. చిక్కంతా అక్కడే. సర్దుకోగానే గోల్ఫు బూట్లు ఎక్కడున్నాయని ఇల్లంతా వెతుకుతారు.

ఈ నొప్పికి విచక్షణ కూడా ఎక్కువే. బంతి తిన్నగా వెళ్లి పచ్చిక మీద పడితే ఎస్.ఈ. గారు చకచకా నడిచేస్తారు. నీళ్లలో పడితే మాత్రం అప్పటికప్పుడు కుంటు మొదలవుతుంది. ఊపిరి అందనప్పుడు బురుజుల వైపు తిరిగి, మొఘలుల దాడి తర్వాత కుతుబ్‌షాహీలు ఈ నయా ఖిల్లాను ఎందుకు కట్టించారో చెబుతారు. చరిత్ర మీద ఆయనకు అంత మక్కువ మడమ నొప్పి వచ్చాకే పుట్టింది. డెబ్బై చిల్లర దెబ్బల్లో ముగించాల్సిన ఆట 118కి తేలితే, “ఈ కాలితో ఇంతకంటే ఏం ఆడమంటారండీ?” అని నిట్టూరుస్తారు. కాలు బాగున్న రోజుల్లో 119 వచ్చేదన్న సంగతి బ్యాగు మోసే క్యాడీకి తెలుసు. చెప్పడు.

2023 ఏప్రిల్‌లో అగస్టా మాస్టర్స్ మూడో రౌండు మధ్యలో టైగర్ వుడ్స్ సరిగ్గా ఈ అరికాలి పట్టీ నొప్పితోనే తప్పుకున్నాడని తెలిసిన దగ్గర్నుంచీ ఎస్.ఈ. గారిని పట్టుకోవడం కష్టమైంది. “నాకూ టైగర్‌కీ ఒకటే ప్రాబ్లమ్” అంటారు. ఆటలో కుదరని పోలిక మడమలో కుదిరింది.

ఎక్స్‌రేలో మడమ కింద చిన్న ముల్లులాంటి ఎముక కనిపించింది. ఫోన్లో మనవరాలి ఫోటో పక్కనే దాన్నీ దాచుకున్నారు. ముందు ముల్లు చూపిస్తారు, తర్వాత మనవరాలు. “అది నొప్పి లేనివాళ్లకీ చాలామందికి ఉంటుంది సార్, దోషం దానిది కాదు” అని డాక్టరు ఎంత చెప్పినా వినరు. అంత స్పష్టంగా ఫోటోలో పడ్డదాన్ని వదిలేసి కనపడని పట్టీని ఎవరు నిందిస్తారు?

“ఆదివారం టోర్నమెంటుంది, ఓ ఇంజక్షన్ పొడిచెయ్యండి” అన్నారు. స్టెరాయిడ్ కొన్నాళ్లే పనిచేస్తుందనీ, మాటిమాటికీ పొడిస్తే ఆ పట్టీయే తెగొచ్చనీ డాక్టరు ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన వైద్యం వేరు. మంచం దిగకముందే ఎడమ కాలు కుడి మోకాలి మీద వేసుకుని, కాలివేళ్లను చేత్తో ముంగాలి వైపు లాగి పట్టుకోవాలి. పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. నెలల తరబడి చెయ్యాలి. చాలామందికి ఏడాదిలోపు తగ్గిపోతుంది.

పైసా ఖర్చు లేని వైద్యం మీద ఎస్.ఈ. గారికి నమ్మకం కుదరలేదు. బ్యాగులో 14 కర్రలకు మించి ఉండకూడదని ఆట నియమం. అందుకని ఒకటి తీసేసి యాభై వేలు పెట్టి కొత్తది కొన్నారు. బూటులో పెట్టుకునే మడమ దిండు నాలుగు వందలంటే మాత్రం దుకాణంలో అరగంట బేరమాడారు.

“సార్, ఇటుక ఎర్రగ కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి కాపుండ్రి. మా అమ్మకు గట్లనే తగ్గింది” అన్నాడు క్యాడీ. ఆ బ్యాగు మోసుకుంటూ, రబ్బరు చెప్పులతో అన్ని కిలోమీటర్లూ వెంట నడిచేది అతనే. అతని మడమ సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అపార్టుమెంటు బాల్కనీలో ఇటుక కాల్చబోతే పొగకి పైఇంటివాళ్లు దిగొచ్చారు.

తర్వాత నీళ్ల సీసా గడ్డకట్టించి అరికాలి కింద దొర్లించడం మొదలైంది. ఫ్రీజరులో ఇడ్లీ పిండి పక్కనే దాని మకాం. ఎండనపడి వచ్చిన బావమరిది ఓ మధ్యాహ్నం ఆ సీసానే తీసి, కరిగినంత మేరా గటగటా తాగి, “ప్రాణం లేచొచ్చింది బావగారూ” అన్నాడు. మర్నాటి నుంచి సీసా మీద నల్ల మార్కరుతో ‘కాలు’ అని రాసి ఉంది. అక్షరాలు ఆవిడవి.

గ్రానైటు నేల మీద ఉత్తకాళ్లతో తిరగొద్దని డాక్టరు ఎం.సి.ఆర్. చెప్పులు రాశారు. “ఇంట్లో చెప్పులా? పూజగది ముందరా?” అని ఆవిడ అడ్డం తిరిగారు. చివరికి సరిహద్దు ఒప్పందం కుదిరింది. భోజనాల బల్ల దాకా చెప్పులు, ఆ పైన మునివేళ్లు. మడమలెత్తి నడిస్తే పిక్కలకు మంచి కసరత్తేనని డాక్టరు ముచ్చటపడ్డారు.

విసుగొచ్చి, వేరే దారిలేక, ఆయన కాలివేళ్లు లాగడం మొదలుపెట్టారు. ఆటలో ముందు పుటింగు మాత్రమే, తర్వాత బగ్గీలో తొమ్మిది హోల్సు, ఆ తర్వాత నడక. నొప్పి తగ్గింది. స్కోరు తగ్గలేదు. కొన్నాళ్లు దిగాలుగా కనిపించారు. ఇప్పుడాయనకు వేరే వ్యాపకం దొరికింది.

మొన్న ఓ రిసెప్షన్‌లో ప్లేటు పట్టుకుని బరువు ఈ కాలి మీదికీ ఆ కాలి మీదికీ మార్చుకుంటున్న ఒకాయన్ని కనిపెట్టేశారు.

“పొద్దున లేవగానే మొదటి అడుగా?”

“అవునండీ! మీకెలా తెలిసింది?”

అంతే. కుర్చీ లాక్కున్నారు. సూటూ బూటుతో ఉన్న మనిషి మేజోడు ఊడదీసి, కాలు మోకాలి మీద వేసుకుని వేళ్లు గుంజుతూ అంకెలు లెక్కపెడుతున్నారు. చుట్టూ నలుగురు పోగయ్యారు. ఐస్‌క్రీము గిన్నెతో పక్కనే నిలబడ్డ పెద్దావిడ గొంతు తగ్గించి, “మీవారు ఏ ఆస్పత్రిలో చేస్తారమ్మా?” అని అడిగింది.

“ఆస్పత్రి కాదండీ, కరెంటాఫీసు” అన్నారు ఆవిడ.