శనిమహాత్ముని దరఖాస్తు

2019 మే 15న, ఇంటర్నెట్ పేర్ల పంపకము చూచు ఐకాన్ సంస్థ పాలకమండలి, 2012 నాటి దరఖాస్తును ఏడేండ్లు నానబెట్టి, "డాట్ అమెజాన్" అను నామమును అమెజాన్ కంపెనీ యను ఆన్‌లైన్ అంగడికి కట్టబెట్టుటకు త్రోవ తీయగా, అమెజాన్ నదీప్రాంతమందలి ఎనిమిది దేశముల మొర అరణ్యరోదనమైనది. ఏడేండ్లు పట్టి పీడించినదానిని కర్ణాటకమందలి మా పావగడలో ఏలినాటి శని యందురు. కనుక ఈ వ్యవహారమును మా ఊరి కోవెలలోని శనిమహాత్మునికే విన్నవించితిని.

స్వామి పక్షమున "డాట్ శని" కొరకు దరఖాస్తు సిద్ధమగుచున్నది. రుసుము 2012 లెక్కన 1,85,000 డాలర్లు. శనివారము నల్లగుడ్డలో నువ్వులు మూటగట్టి నూనెలో వెలిగించు భక్తుల హుండీయే శరణ్యము. మందపల్లి, తిరునళ్ళార్, శింగణాపురముల శనైశ్చరులు ఆక్షేపింపక మానరు. ట్రేడ్‌మార్కైనచో దేశమునకొకరు అదే పేరు నమోదు చేసికొని సుఖముండవచ్చును. డొమైను లోకమునకంతటికి ఒక్కటే. చుట్టును చాలమేర ఆంధ్రమే యుండగా, బోర్డులు కన్నడమునను బేరములు తెలుగునను నడపుకొను మాకు ఎల్లదాటని హక్కుల రుచి ఒకరు చెప్పనక్కరలేదు.

పేరు దక్కినపిదప పంచాంగకర్తలు శనివారమునకు, జ్యోతిష్కులు అష్టమశనికి, పిల్లలను "శనిగ్రహమా" యని తిట్టు పెద్దలు తిట్టునకింతయని లైసెన్సు చెల్లింపవలసినదే. ఏలినాటివారికి ఏడున్నరేండ్లకొక రెన్యువల్. కాకికి మినహాయింపు, అది వాహనమగుటచే సిబ్బందిలోనిది. అయితే ఏ పరదేశపు నూనె కంపెనీయో "శని" ట్రేడ్‌మార్కు పత్రము చూపినచో స్వామి గతి యేమి? నవగ్రహములలో నుండుట రిజిస్ట్రేషను కాదు గదా!

పరిహాసము చాలు. మన హైదరాబాదు సత్యం సంతానమైన సత్యం ఇన్ఫోవే, తన "సిఫీ" డొమైను పేరునకు ఒక వత్తు తగిలించి వాడుకొన్న సిఫ్ఫీనెట్ వారిపై బెంగుళూరు సివిల్ కోర్టున గెలిచి, హైకోర్టున ఓడి, 2004లో సుప్రీంకోర్టున నెగ్గినది దేని బలమున? ముందుగా వాడి పేరు తెచ్చుకొన్నవాని హక్కు బలమున. రెండేండ్లు ముందున్న కంపెనీకి దక్కిన న్యాయము, 16వ శతాబ్దినుండి అమెజాన్ అను పేరు మోయుచున్న నదికి, 1994లో పుట్టిన అంగడి యెదుట దక్కలేదు. పైగా కిండిల్ యంత్రములు, సర్వరు సేవలు కలిపి 50 లక్షల డాలర్ల మేర ఇత్తునని ఆ అంగడి ఆ దేశములకు ఆశజూపినది. ఇల్లు లాగికొని పిల్లవాని చేత కీలుబొమ్మ పెట్టుట యిది. దీనికి రాజీయని పేరు పెట్టువారికి సిగ్గులేదు.

నాగలమడిక ప్రక్కన పారు మా ఉత్తరపినాకిని నదికి ట్రేడ్‌మార్కు పత్రము లేదు. ఐకాన్ సలహాసంఘమున కూర్చుండు మన ప్రభుత్వ ప్రతినిధులు, ఏ నది పేరును ఏ కంపెనీకి ఇయ్యరాదని ఇప్పుడే పట్టుబట్టవలెను.