శిక్షణార్జీ: టీకా తాత్పర్య సహితం

మూలం: “ఉదయగిరి, ఆత్మకూరు పరిసర ప్రాంతాల నిరుద్యోగ యువత కొరకు ఉచిత నైపుణ్య శిక్షణ నిర్వహించి, నూరు శాతం ప్లేస్‌మెంట్ కల్పించుటకు గాను నిధులు మంజూరు చేయ ప్రార్థన.”

అవతారిక: ఈ వాక్యానికి కర్త ఫలానా అని చెప్పలేం. ఇలాంటి అర్జీలన్నిటినీ ఒకచోట పోసి వడగడితే అడుగున మిగిలేది ఇదే. కొలచాల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనన్నాడు, అక్కరలేనిది చెప్పనన్నాడు. నాకంత నిగ్రహం లేదు. పైగా ఈ మూలంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ. (శీర్షికలోని ‘శిక్షణార్జీ’ వైరి సమాసం. పండితులు మన్నింతురు గాక.)

ప్రతిపదార్థం: ఉదయగిరి = ఏడాదిన్నర ముట్టడించి 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం గలదియు; ఆత్మకూరు = సోమశిల నీళ్లకు చేరువలో నున్నదియు (నంద్యాల జిల్లాలో ఒక ఆత్మకూరు, అనంతపురంలో ఇంకొకటి ఉన్నవి గనుక మంజూరు ఉత్తర్వు దారి తప్పకుండా జిల్లా పేరు రాయవలెను); పరిసర ప్రాంతాల = బస్సెక్కితే గాని నెల జీతం కనబడని పల్లెల యొక్క; ఉచిత = నేర్చుకునేవాడు ఇవ్వనక్కరలేని, ఖజానా ఇవ్వవలసిన; ప్రార్థన = గడువు తేదీకి ముందు రోజు సాయంత్రం పుట్టిన భక్తి.

వ్యాకరణం: ‘నిరుద్యోగులు’ అంటే ఉద్యోగం లేనివారు, బహువ్రీహి. బహువ్రీహిలో లోపలి పదాలకు ప్రాధాన్యం ఉండదు, బయటివాడికే ఉంటుంది. ఇక్కడ బయటివాడెవరో చెప్పనక్కరలేదు, అర్జీ కింద సంతకం చూడండి. ‘యువత కొరకు’ అని చతుర్థి వాడారు. లెక్కలు చూశాక కొందరు ‘యువత వలన’ అని పంచమీ పాఠాంతరం చెబుతున్నారు. అదే సాధువుగా తోస్తుంది.

అలంకారం: ‘నూరు శాతం’ అన్నది అతిశయోక్తి. ప్రభుత్వమే నూరు అడగలేదు. 2015 జూలైలో కేంద్రం ప్రకటించిన నైపుణ్య శిక్షణ ఉమ్మడి ప్రమాణాల్లో సర్టిఫికెట్ పొందినవారిలో డెబ్బై శాతం మందికి మూడు నెలల్లో పని దొరికితే చాలన్నారు. అడగని ముప్పై కలిపి ఇస్తానన్నవాడిని కాస్త నిదానించి చూడాలి.

అసలు అందమంతా ‘కల్పించుట’లో ఉంది. శ్లేష. కల్పించడమంటే ఏర్పాటు చేయడం, కల్పించడమంటే లేనిది అల్లడం కూడా. రెండో అర్థానికి ఉదాహరణ కోసం కావ్యాలు వెతకనక్కరలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన నమోదులు చూసింది. దాదాపు 96 లక్షల మంది అభ్యర్థుల్లో 94 శాతానికి పైగా పేర్లకు ఎదురుగా బ్యాంకు ఖాతా గడి ఖాళీ, లేదా సున్నాలు. నిండిన గడుల్లోనూ కొన్నిట్లో వరసగా ఒకట్లే. అది దేశం మొత్తం లెక్క, మన మెట్ట ప్రాంతపు లెక్క కాదు. అయినా మన అర్జీ చదివే అధికారికి ఆ ఒకట్లు కళ్లముందు ఆడితే తప్పు ఆయనది కాదు.

అన్వయం: డబ్బు నడిచే వరసలో చదివితే వాక్యం తేటపడుతుంది. ఆ 2015 ఉమ్మడి ప్రమాణాల్లోనే శిక్షణ మొదలవగానే 30 శాతం, సర్టిఫికెట్లు వచ్చాక 50, ఉద్యోగాలు చూపాక మిగిలిన 20 అన్నారు. అంటే పిల్లవాడు జీతం కళ్లజూడకముందే రూపాయిలో ఎనభై పైసలు శిక్షణ సంస్థకు చేరిపోయాయి. ఆ ఇరవై పైసల కోసం, పని దొరికిన చెన్నై దాకా వాడి వెంట పోయేదెవరు? వాడు నెల తిరక్కముందే సంచి సర్దుకుని ఉదయగిరి బస్సెక్కి ఉండవచ్చు. కాగితంలో మాత్రం షిఫ్టు చేస్తూనే ఉంటాడు.

విశేషం: ఉదయగిరిలో శిక్షణే లేదనుకోకండి. దుర్గం కొండల నార్ది, బిక్కి, కలివి కట్టెతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే ఇళ్లున్నాయి. ఆ కొయ్య సామానుకు భౌగోళిక గుర్తింపూ ఉంది. చిన్న రంపంతో ఫోర్కు పళ్లు చీల్చి, ఆకురాయితో అంచులు తీసి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్దుతారు. ఒక పన్ను విరిగిందా, అంతసేపు చెక్కిందీ పొయ్యిలోకే. ఆ పక్కన కూర్చున్న పిల్లలకు హాజరు పట్టీ లేదు, గంటకింత అని రేటూ లేదు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 ఇస్తుంది. పనిముట్ల డబ్బు మంచిదే. ఏళ్ల తరబడి చెక్కిన చేతికి ఆరు రోజుల్లో నేర్పేదేమిటో మాత్రం నాకు అంతుబట్టలేదు. ఆ చేతికి కావలసింది కట్టె, కొనేవాడు. మన అర్జీలో ఈ రెండు మాటలూ లేవు.

తాత్పర్యం: అయ్యా, డబ్బు ఇవ్వండి. నేర్పుతాం. తర్వాతి సంగతి తర్వాత.

ఫైలు మీద రాయదగినది: తిరస్కరించనక్కరలేదు, మొదటి కిస్తీ ఇవ్వవచ్చు. ‘నూరు శాతం’ కొట్టివేసి, ఆ చోట పని ఇచ్చేవారి పేరు, ఊరు, ఇచ్చే జీతం, ఆ ఊరికి రానూపోనూ బస్సు చార్జీ రాసుకురమ్మనవలెను. నాలుగో నెలలో పిల్లల ఇళ్లకే ఫోన్ చేసి, ఎత్తినవారి మాట రాసుకోవలెను. అది అందేదాకా ఆఖరి ఇరవై శాతం ఖజానాలోనే ఉండవలెను.