సిట్టింగు కోశాధికారి

మందు బ్యాచ్ అన్నాక అందులో ఒక పాటగాడు, పాత ప్రేమ తలుచుకుని ఏడ్చేవాడొకడు, మూడో పెగ్గుకి ఇంగ్లిషులోకి దిగేవాడొకడు ఉండనే ఉంటారు. వాళ్ల సంగతి సినిమాలవాళ్లు చూసుకున్నారు. నేను చెప్పబోయేది వాళ్ల మధ్య గోడవైపు కుర్చీలో కూర్చుని, మూత తియ్యకముందే సీసా మీద ఎమ్మార్పీ చదివే మనిషి గురించి. ఎన్నిక లేదు, ప్రమాణ స్వీకారం లేదు. అయినా ఆ బ్యాచ్ కోశాధికారి అతనే. హైదరాబాద్‌లో ఏ వైన్స్ పక్కన పర్మిట్ రూములోకి తొంగిచూసినా ఇలాంటివాడు ఒక్కడైనా కనిపిస్తాడు. వయసు నలభై దాటి ఉంటుంది. ఈఎంఐలు రెండు నడుస్తుంటాయి. పిల్లల ఫీజు కట్టిన రసీదు ఇంకా జేబులోనే ఉంటుంది.

గోడవైపు కుర్చీ ఊరికే ఎంచుకున్నది కాదు. బార్‌కి వెళ్లినప్పుడు బిల్లు తెచ్చేవాడి చెయ్యి ముందుగా నడవవైపు కూర్చున్నవాడికి అందుతుంది. అది అతను అనుభవం మీద కనిపెట్టిన సూత్రం.

శనివారం సిట్టింగుకి అతని ఏర్పాట్లు మధ్యాహ్నం నుంచే మొదలవుతాయి. బయల్దేరే ముందు కడుపునిండా పెరుగన్నం తింటాడు. ఖాళీ కడుపుతో పోతే మంచింగు మీద పడతామని, మందుకంటే మంచింగే మనిషిని ముంచుతుందని అతని సిద్ధాంతం. ఇందులో నిజం లేకపోలేదు. డెబిట్ కార్డు బీరువాలో పెట్టేస్తాడు. పల్లీలు ఇంట్లోనే వేయించి పొట్లం కట్టుకుంటాడు. ఫోన్‌పే ఒకటి ప్రమాదం. అందుకని ఖాతాలో ఉన్న డబ్బంతా ఇంటావిడ ఖాతాలోకి పంపేసి, అయిదు వందల నోటు ఒక్కటి మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. "సెల్లుల పైసలుంటే చెయ్యి ఆగదురా" అంటాడు. అలా వెళ్లిన సొమ్ము ఆదివారం తిరిగొచ్చిన దాఖలా లేదు. ఈ మొత్తం వ్యవహారంలో నికరంగా పొదుపైంది ఏదన్నా ఉందంటే అదొక్కటే.

బండి తియ్యడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారి దొరికినా పదివేల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. పదివేలని క్వార్టరు ధరతో భాగించి, వచ్చిన సంఖ్య చూసి గుండె పట్టుకుంటాడు. ప్రాణం మాట ఆ లెక్కలో ఎక్కడా రాదు. ఎలాగూ బండి ఇంట్లోనే ఉంది కాబట్టి మనం చూసీచూడనట్టు పోవచ్చు.

అతని అసలు ప్రతిభ తెలిసేది వైన్స్ కౌంటర్ దగ్గర. వచ్చినవాళ్లు నలుగురు. తలా ఒక క్వార్టరు తీసుకుంటే గొడవుండదని మిగతా ముగ్గురి అభిప్రాయం. ఎవడి సీసా వాడిది, ఎవడి చావు వాడిది. కోశాధికారి ఒప్పుకోడు. వెనక లైను పెరుగుతున్నా, ఇనప కడ్డీల అవతల కుర్రాడు విసుక్కుంటున్నా వేళ్లు మడిచి లెక్క చెబుతాడు.

"క్వార్టరంటె నూట ఎనభై. నాలుగు క్వార్టర్లు ఏడొందల ఇరవై. ఫుల్లు ఏడొందల యాభై, రేటు గూడ తక్కువనే పడ్తది. ముప్పై మిల్లీ ఎవనికి ఇడిశిపెడ్తున్నవ్ రా?"

"అన్నా, ముప్పై మిల్లీతోని ఏమైతదే?"

"ముప్పై ముప్పై అనుకుంటనే మునిగిన కొంపలున్నయి. తమ్మీ, ఫుల్లియ్యి."

బేరం లేని చోట బేరం గెలిచినవాడిలా బయటికొస్తాడు. లోపల పొయ్యడం కూడా అతనే. ప్లాస్టిక్ గ్లాసులు నాలుగూ వరసగా పెట్టి, టేబుల్ మీదికి వంగి, కన్ను గ్లాసు మీది గీతకి సమానంగా తెచ్చి పోస్తాడు. ఒకదాంట్లో చుక్క ఎక్కువైతే పక్క గ్లాసులోకి వంచుతాడు, అప్పుడది ఎక్కువవుతుంది. ఈ సర్దుబాటు అయ్యేసరికి సోడాలో గ్యాసు పోతుంది. నీళ్ల ప్యాకెట్లు కూడా తలా రెండు లెక్కపెట్టి పంచుతాడు.

మొదటి లార్జు లెక్క ప్రకారం నడుస్తుంది. రెండోదీ అంతే. బయట బండి మీది ఉడికించిన గుడ్లు, మిర్చి వాసన లోపలికొస్తున్నా ఎవర్నీ లేవనివ్వడు, పల్లీల పొట్లం ముందుకి జరుపుతాడు. రెండోది సగంలో ఉండగా కాస్త చరిత్రలోకి వెళతాడు. 1995 జనవరి 16న ఎన్టీఆర్ మద్య నిషేధం పెట్టడం, ఖజానా కటకటలాడి 1997లో సర్కారే దాన్ని సడలించడం చెప్పి, "అంత పెద్ద సర్కారుతోనే కాలే" అంటాడు. ఆ మాటతో తర్వాత జరగబోయేదానికి ముందస్తు బెయిలు తీసుకున్నట్టే. ఆ నిషేధం వెనక నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లున్నారని, కూలి డబ్బులు ఇంటికి చేరకుండా సారా దుకాణంలో పోతున్నాయని 1990ల మొదట్లో లేచి దుకాణం మూయించింది వాళ్లేనని మాత్రం చెప్పడు. లెక్కంటే వాళ్లు వేసింది.

మూడో లార్జు అయ్యాక ముప్పు మొదలవుతుంది. నలుగురికి మూడేసి చొప్పున పన్నెండు లార్జులు, అంటే 720. సీసా అడుగున సరిగ్గా ముప్పై మిల్లీలీటర్లు మిగులుతాయి. క్వార్టర్ల గొడవలో పోట్లాడి గెలుచుకున్న ముప్పయ్యే అది. దాన్ని నాలుగు భాగాలు చేస్తే నాలిక తడవదు. పారబొయ్యడానికి అతనికి మనసొప్పదు. ఒక్కడికిస్తే మిగతావాళ్లకి అన్యాయం.

"ఒక క్వార్టర్ తెప్పిస్తె సరిపోతది" అంటాడు. అనేది అతనే, గమనించండి.

క్వార్టరొస్తుంది. పాత ముప్పైతో కలిపి 210. నలుగురికీ లార్జు పొయ్యాలంటే 240 కావాలి. మళ్లీ అదే ముప్పై తక్కువ! మత్తులో ఉన్న మనిషికి ఈ సంఖ్య రెండోసారి కనిపించడం దైవ సంకేతంలా తోస్తుంది. ఇంకో క్వార్టరు. ఇప్పుడు 390. తలా లార్జు పోస్తే 150 మిగులుతుంది. రెండున్నర లార్జులు, నలుగురు మనుషులు. లెక్క తెగదు.

ఈ రెండు క్వార్టర్లకీ డబ్బులెక్కడివి? పక్కవాడి ఫోనులోవి. "నువ్వు కొట్టు, పొద్దుగాల ఏస్త" అన్న మాటతో అతని ఆర్థిక క్రమశిక్షణ అధికారికంగా రద్దవుతుంది. ఇక ఆపడం ఎవరి తరం కాదు. బోటి ఫ్రై రెండు ప్లేట్లు చెబుతాడు. ఎవరూ అడక్కపోయినా చికెన్ పకోడీ చెబుతాడు. ఇందాక మిర్చి రేటు విని మొహం తిప్పుకున్న బండి దగ్గరే, ప్లేటు తెచ్చిన కుర్రాడు "ఇంకేమన్న గావాల్నా అన్నా" అన్న పాపానికి వంద చేతిలో పెట్టి, "మంచిగ సదువుకో" అంటాడు. ఆ కుర్రాడికి ముప్పయ్యేళ్లుంటాయి.

బోనసొచ్చిన నెలలో ఎప్పుడన్నా బార్‌కి వెళ్లారా, అక్కడ ఇతని ప్రతాపం బిల్లు మీద. సెల్లు టార్చి వేసి వరసవరసా చదువుతాడు. మద్యం జీఎస్టీలోకి రాదు. జీఎస్టీ తిండి మీదే. సర్వీసు చార్జీ మన ఇష్టం, బలవంతంగా కలపకూడదని 2022లోనే వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. ఇవన్నీ నిజాలే, అతని నోట తప్పు రాదు. మేనేజరుతో పావుగంట వాదించి సర్వీసు చార్జీ తీయిస్తాడు. గెలిచిన ఆనందంలో అంతకు మించిన సొమ్ము టిప్పుగా పళ్లెంలో పడేసి లేస్తాడు. ఆనాటి పద్దులో రెంటినీ ఎదురెదురుగా రాస్తే మేనేజరే అతనికి సన్మానం చెయ్యాలి.

ఆదివారం పదకొండింటికి వాట్సాప్‌లో జమాఖర్చు వస్తుంది. తలనొప్పి మీద రాసినా అణా పైసలతో పొల్లుపోదు. ఫుల్లు ఒకటి, క్వార్టర్లు రెండు, సోడాలు, బోటి, "ఇతరములు". తలా పన్నెండు వందల చిల్లర. ఇతరములంటే ఏంటని ఒక్కడూ అడగడు, ఎందుకంటే ఒక్కడికీ గుర్తుండదు. చివర్లో ఒక వరస ప్రత్యేకంగా ఉంటుంది: "నిల్వ 150 మి.లీ., వచ్చే వారానికి జమ." మూత బిగించి, పేపర్లో చుట్టి, ఆ సీసాని అతనే ఇంటికి పట్టుకెళ్లాడు. స్కూటరు డిక్కీలో ఉంది.

బుధవారానికల్లా కొత్త ప్రణాళిక సిద్ధం. నిల్వ 150కి ఒక ఫుల్లు కలిపితే 900, అంటే పదిహేను లార్జులు. నలుగురికి పంచితే మళ్లీ తెగదు. అయిదుగురైతే తలా మూడు, చుక్క మిగలదు, చుక్క తగ్గదు. ఇంత చక్కటి లెక్క జీవితంలో తగల్లేదని అతని ఆనందం. అందుకే గురువారం నుంచి అయిదో మనిషి కోసం వెతుకుతున్నాడు. ఆఫీసులో మందు ముట్టని క్యాషియరొకాయన ఉన్నాడు. ఆయనకి రోజూ టీ ఇప్పిస్తున్నాడు.